రేటులో చేరని కూలి

(విజయవాడలో చిన్న పరిశ్రమల యజమానుల సంఘం ఏటా జరిపే సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఇవాళ స్మరించుకుంటున్న పెద్దాయన పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి ఇంతవరకు బ్యాంకు అధికారులు వచ్చారు, ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్లు వచ్చారు, పరిశ్రమల శాఖ వాళ్లు వచ్చారు. ఈసారి ఫౌండ్రీ ఇంట్లో పుట్టిపెరిగిన ఆడపిల్లను పిలిచారు. ఏం మాట్లాడమంటారని అడిగితే, "మీ చిన్ననాటి సంగతులు చెప్పండమ్మా, చాలు" అన్నారు కార్యదర్శి గారు. ఇలాంటి సభల్లో చిన్ననాటి సంగతులకు ఒక వరస ఉంది. నాన్న కష్టం, అమ్మ త్యాగం, ఆ తర్వాత చప్పట్లు. నేను కాస్ట్ అకౌంటెంటుగా ముప్పై ఏళ్లకు పైగా బతికాను. త్యాగం అనే మాట వినపడగానే, దాన్ని ఏ పద్దు కింద రాయాలని అడగడం నాకు అలవాటైపోయింది. కాబట్టి ఇవాళ చిన్ననాటి సంగతులే చెప్తాను, కానీ పద్దుల ప్రకారం చెప్తాను. పెద్దాయనకు కూడా అదే నచ్చేది.

మా నాన్నగారిది పోత ఇనుము ఫౌండ్రీ. రైసు మిల్లులకు పుల్లీలు, బేరింగు బ్రాకెట్లు, ఆయిల్ ఇంజన్లకు ఫ్లైవీల్సు, చేతిపంపులకు తలలు పోసేవాళ్లం. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో రేకుల తలుపు. ఆ తలుపు పగలు మూసి ఉండటం నేను చూడలేదు. ఇండక్షన్ ఫర్నేసులు వచ్చాక పుట్టిన పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి, ఆ రోజుల్లో పని ఎలా నడిచేదో కాస్త చెప్పాలి. ఇనుము రోజూ కరిగించేవాళ్లం కాదు. వారమంతా మౌల్డర్లు నేల మీద ఇసుక బాక్సులు కట్టుకుంటూ పోయేవారు. షెడ్డు నిండాక మెల్టింగ్ రోజు. తెల్లవారుజామునే క్యూపలా కొలిమి అడుగున కట్టెలు పేర్చి, బొగ్గు రగిలించి, ఆ పైన కోకు, ఇనుము, సున్నపురాయి, మళ్లీ కోకు, ఇలా వరసలు వరసలుగా వేసేవారు. కిలో కోకుకు ఆరేడు కిలోల ఇనుము కరిగితే నాన్న ముఖం వెలిగేది. నాలుగైదు కిలోలే కరిగితే ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. కోకు ధన్‌బాద్ వైపు నుంచి రైల్లో రావాలి. పిగ్ ఐరన్‌కు పర్మిట్లు, కోటాలు. 1990లో విశాఖ ఉక్కులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, ఆ "గోదావరి", వెలిగాక గానీ మనకు పిగ్ ఐరన్ పక్క జిల్లా సరుకులా అనిపించలేదు.

ఈ ముచ్చట్లు మీకు తెలిసినవే. నేను రేకుల తలుపుకు ఇవతలి వైపు సంగతి చెప్పడానికి వచ్చాను.

పుల్లీ మధ్యలో షాఫ్టుకు బెజ్జం కావాలి. పంపు తలలో నీళ్లు పోయే దారి కావాలి. పోతలో ఎక్కడ బోలు రావాలో అక్కడ ఇసుకతో చేసిన కోరు పెట్టాలి. ఇసుకలో అవిసె నూనె, మొలాసిస్ కలిపి, కోరు పెట్టెలో దట్టించి, మెల్లగా విడదీసి, పొయ్యిలో కాల్చాలి. ఆ పని మా పెరట్లో జరిగేది. చేసేది మా అమ్మ. వంట అయ్యాక మొదలుపెట్టి దీపాల వేళ వరకు చేసేది. మెల్టింగ్ ముందు రోజైతే రాత్రి కూడా చేసేది. మా చిన్నప్పటి ఇంటికి మొలాసిస్ కాలిన వాసన ఉండేది. చుట్టాలొస్తే అరిసెలు వండుతున్నారా అని అడిగేవాళ్లు.

కోరు సరిగ్గా కాలితే వేయించిన వేరుశనగ పప్పు పొట్టు రంగుకు వస్తుంది. తక్కువ కాలితే తడి మిగులుతుంది. ఆ తడి మీద కరిగిన ఇనుము పడితే ఆవిరి లేచి పోతలో గాలి బుడగలు నిలిచిపోతాయి. ఎక్కువ కాలితే బంక చచ్చిపోయి, ఇనుము పోస్తున్నప్పుడే కోరు రాలిపోతుంది. థర్మామీటరు లేదు. అమ్మ ఒక్కో కోరును వేలి గోటితో తట్టి వినేది. మా మౌల్డర్లకు మంచి పోత బరువు మీదే కూలి. బుడగలొచ్చి రిజెక్టయిన పోతకు డబ్బు లేదు. అంటే అమ్మ కోరు తడిగా ఉంటే మేస్త్రి కూలి పోతుంది. అందుకని మేస్త్రి ప్రతి వారం పెరట్లోకి వచ్చి తనూ తట్టి చూసుకునేవాడు.

"అమ్మగారూ, ఇది ఇంకా పచ్చిగా ఉందండీ."

"ఏదీ, ఇటివ్వండి మేస్త్రీ... పచ్చి ఏముంది? మీ చెవికి కోకు మసి పట్టింది."

అంటూనే దాన్ని మళ్లీ పొయ్యిలో పెట్టేది. ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ అది నవ్వులాటేం కాదు. ఆ షెడ్డులో క్వాలిటీ కంట్రోలు అంటూ ఏదైనా ఉందంటే అదే.

మా పిల్లల పనులు చిన్నవి. పోసిన మర్నాడు ఇసుకలో చిందిన ఇనుప గుండ్లను అయస్కాంతంతో ఏరడం, కాటా దగ్గర బరువులు రాయడం, బిల్లులు పోస్టు చేయడం, చెక్క ప్యాటర్నులకు నంబర్లు వేయడం. ప్యాటర్ను మేస్త్రి దగ్గర ఒక స్కేలు ఉండేది. మామూలు స్కేలు కంటే అది నూటికి ఒక వంతు పొడవు. పోత ఇనుము చల్లారేటప్పుడు అంత కుంచించుకుపోతుంది కాబట్టి, చెక్క నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయాలి. ఆ స్కేలు బడికి పట్టుకెళ్లకూడదని మా ఇంట్లో కట్టడి. లోకంలో రెండు రకాల సెంటీమీటర్లు ఉన్నాయని రెండో తరగతిలోనే తెలిసిన పిల్లలం మేము. ఇలాంటి చదువు ఏ బడిలోనూ దొరకదు, నిజమే. అయితే ఎర్రగా కరిగిన ఇనుము మోసుకుపోయే దారిలో పిల్లలం తిరిగేవాళ్లమన్నదీ అంతే నిజం. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పిల్లలు బడి అయ్యాక కుటుంబ పనిలో సాయం చేయవచ్చన్నారు. కానీ ప్రమాదకరమైన పనులకు ఆ మినహాయింపు లేదు. ఫౌండ్రీ ఆ ప్రమాదకరమైన పనుల్లోనిదే. నాకు ఆ గుండ్లు ఏరిన రోజులంటే ఇష్టమే. నా మనవరాలిని మాత్రం ఏరనివ్వను.

ఇంటర్‌లో ఉండగా చిట్టా పద్దు రాయడం నా వంతుకు వచ్చింది. ఆ ఏడు అమ్మకు గర్భసంచి ఆపరేషను అయింది. మూడు నెలలు బరువు ఎత్తకూడదన్నారు డాక్టరమ్మ. కోర్లు ఆగితే పోత ఆగుతుంది. నాన్న వెనక వీధిలో ఒకావిడకు కోర్లు అప్పగించారు, ఒక్కో కోరుకు ఇంత అని బేరం. అప్పుడు చిట్టాలో కొత్త పద్దు పుట్టింది: "కోరు కూలి". ప్రతి శనివారం రాసేదాన్ని. కోకు, పిగ్ ఐరన్, మౌల్డర్ల కూలి తర్వాత అదే పెద్ద ఖర్చు. కరెంటు బిల్లు కన్నా ఎక్కువ. అమ్మ కోలుకుని మళ్లీ పెరట్లో కూర్చున్న వారం నాన్న అన్నారు, "ఇంక ఆ పద్దు కొట్టెయ్యవే."

"మరి అమ్మకు ఇవ్వమా?" అన్నాను.

నాన్న నవ్వారు. "ఇంట్లో మనిషికి కూలేంటే?"

నేను పద్దు కొట్టేశాను. పని అంతే ఉంది, కోర్లు అన్నే ఉన్నాయి, ఖర్చు మాత్రం మాయమైంది. తర్వాత పరీక్షల కోసం కాస్ట్ అకౌంటింగ్ పుస్తకాలు చదివినప్పుడు నాకు అందులో కొత్తగా అర్థమైనది తక్కువే.

పెద్దాయన మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఏదో మిల్లు టెండరుకు రేటు కట్టాలి. చుట్టుపక్కల ఫౌండ్రీల వాళ్లందరికీ ఆయనే కాగితం మీద రేటు కట్టడం నేర్పేవారని మీలో పెద్దలకు గుర్తుంటుంది. నాన్న కిలో రేటు చెప్పారు. పెద్దాయన చిట్టా తిరగేస్తూ ఆ మూడు నెలల దగ్గర ఆగారు.

"ఇక్కడ కోరు కూలి ఉంది, తర్వాత లేదు. ఇప్పుడు కోర్లు ఎవరు చేస్తున్నారండీ?"

"ఇంట్లోనే చేసుకుంటున్నామండీ."

"ఇంట్లో అంటే ఎవరు?"

నాన్న జవాబు చెప్పలేదు. పెద్దాయన పెన్సిలుతో రేటు కాగితం చివర ఆ కూలి కలిపి, మళ్లీ కూడి, కాగితం నాన్న ముందుకు జరిపారు. నాన్న చూసి అన్న మాట నాకు ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది: "ఈ రేటు చెప్తే ఆర్డరు పక్క సందులోకి పోతుందండీ. వాళ్లావిడా చేస్తుంది కదా కోర్లు."

ఇక్కడ కాస్త ఆగుదాం. నా అరగంటలో సగం ఇందుకే దాచుకున్నాను. పక్క సందులో ఆవిడా కూలి లేకుండా చేస్తుంది, మా అమ్మా కూలి లేకుండా చేస్తుంది. ఇద్దరు యజమానులూ ఆ మేరకు రేటు తగ్గించి పోటీ పడ్డారు. మరి ఆ మిగులు ఎవరికి పోయింది? మా ఇంటికి రాలేదు, పక్క సందుకూ పోలేదు. మిల్లు యజమానికి పోయింది. కుటుంబ పరిశ్రమ తక్కువ ఖర్చుతో నడుస్తుందని పొగుడుతుంటారు. ఖర్చు తక్కువేం కాదు, రాయని ఖర్చు ఎక్కువ, అంతే. ఆ రాయని ఖర్చును మనం కొనేవాడికి తగ్గింపుగా ఇచ్చుకున్నాం. మా అమ్మ ఎన్నడూ చూడని మనిషికి మా అమ్మ ఏళ్ల తరబడి డిస్కౌంటు ఇచ్చింది.

మౌల్డర్ల ఇళ్లల్లోనూ ఇదే కథ, ఇంకాస్త బీదగా. వాళ్ల ఆడవాళ్లు వచ్చి ఇసుక జల్లెడ పట్టి పోయేవారు. మగవాడి కూలిలోనే ఆ పని కలిసిపోయిందన్న లెక్క. మేము యజమానులం కాబట్టి మాకు జరిగిన అన్యాయం గురించి నేనిక్కడ మైకు ముందు మాట్లాడగలుగుతున్నాను. వాళ్ల పిల్లలకు ఏ సంఘమూ స్మారకోపన్యాసానికి కబురు పెట్టలేదు. ఈ మాటకు మీలో కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి.

ఇల్లు లెక్క రాయకపోతే చట్టమైనా రాసిందా అంటే, అది తమాషాగా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడంటే ఎవరు అన్న నిర్వచనంలో ప్రతిఫలం ఉన్నా లేకపోయినా అన్న మాటలు ఉండేవి. అప్పట్లో కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. మనందరి మస్టర్లలోనూ తొమ్మిదిమందే ఎందుకు ఉండేవారో ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పెరట్లో కూర్చున్న పదో మనిషిని ఏ ఇన్‌స్పెక్టరూ లెక్క పెట్టలేదు. కాఫీ తెచ్చిచ్చినా సరే లెక్క పెట్టలేదు.

చిన్న పరిశ్రమ అంటే ఏమిటన్న నిర్వచనం సంగతీ చూడండి. మొదట్లో ఎంతమంది పనిచేస్తున్నారన్నది కూడా చూసేవారు. 1960లో దాన్ని తీసేశారు. అప్పటి నుంచి కొలబద్ద పెట్టుబడి విలువే. 1966లో ఏడున్నర లక్షలు, 2006 చట్టంలో 5 కోట్లు, 2020లో టర్నోవరు కూడా చేర్చి 10 కోట్లు, 2025 ఏప్రిల్ నుంచి 25 కోట్లు. లేతు మిషనుకు విలువ కట్టారు, కోరు పెట్టెకు విలువ కట్టారు. కోరు పెట్టె పట్టుకున్న చెయ్యి ఏ నిర్వచనంలోకీ రాలేదు. పోనీ నాలాంటి అకౌంటెంటు సలహా విని భార్యకు జీతం రాద్దామనుకున్నారనుకోండి. ఆదాయపు పన్ను చట్టం అడ్డొస్తుంది. భర్తకు గణనీయమైన వాటా ఉన్న సంస్థ నుంచి భార్యకు జీతం వస్తే అది భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమెకు సాంకేతిక అర్హతో వృత్తి అర్హతో ఉండి, ఆ పరిజ్ఞానం, అనుభవం వల్లే ఆ సంపాదన వచ్చిందని చూపితేనే మినహాయింపు. గోటితో తట్టి కోరు కాలిందో లేదో చెప్పడం ఏ సర్టిఫికెట్టు కిందికి వస్తుంది? ప్రభుత్వ శ్రామిక సర్వేలో మాత్రం ఒక గడి ఉంది: ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకులు. స్వయం ఉపాధి కిందే చూపిస్తారు వాళ్లను. ఆ గడిలోనైనా ఉన్నారు, సంతోషం.

చట్టాలే కాదు, పరిశోధకులూ ఆ చేతిని చూడలేదు. 1964 ప్రాంతంలో హార్వర్డు నుంచి డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మన కాకినాడ వ్యాపారుల మీద ఒక ప్రయోగం చేశారు. వాళ్లను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు, అదే యూసఫ్‌గూడలోని సీట్‌కు, రప్పించి, పైకి రావాలన్న తపనను పెంచే తరగతులు పెట్టారు. బొమ్మ చూపించి కథ రాయమనడం, ఆ కథలో ఎంత పట్టుదల ఉందో కొలవడం ఆయన పద్ధతి. శిక్షణ తీసుకున్నవాళ్లు తర్వాత మరింత చురుగ్గా పెట్టుబడులు పెట్టారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకం రాశారు. మన గోదావరి జిల్లా ఊరు ప్రపంచ మేనేజ్‌మెంటు పాఠ్యపుస్తకాలకెక్కింది. గర్వించాల్సిన సంగతే. వ్యాపారి హైదరాబాదులో కూర్చుని బొమ్మ చూసి కథ రాస్తున్నన్నాళ్లూ కాకినాడలో అతని కొట్టు, షెడ్డు ఎవరు నడిపారన్నది మాత్రం ఆ ప్రయోగం ఊసెత్తిన ప్రశ్న కాదు. పారిశ్రామికవేత్త అంటే ఒక్కడు, అతని మనసులో ఒక తపన అనే బొమ్మ అప్పటి నుంచీ మన శిక్షణ తరగతుల్లో అలాగే ఉండిపోయింది. నేను చూసినంతలో ఫౌండ్రీని నడిపేది తపన కాదు. మెల్టింగ్ రోజుకు కోర్లు సిద్ధంగా ఉండటమే దాన్ని నడుపుతుంది.

ఇక డబ్బు సంగతి. సరుకు తీసుకున్న పెద్ద కంపెనీ నాలుగు నెలలకు గానీ చెక్కు ఇవ్వదు. శనివారం కూలి శనివారమే ఇవ్వాలి. మధ్యలో ఆ నాలుగు నెలలు నడిపింది అమ్మ గాజులు. బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ లిమిటు అని ఒకటి ఉండేది, అసలు లిమిటు మాత్రం అమ్మ చేతికి ఉండేది. పెళ్లిళ్లకు బోసి చేతులతో వెళ్తే ఈ సీజను పేమెంట్లు ఆగాయని చుట్టాలందరికీ తెలిసిపోయేది. ఆలస్యపు చెల్లింపుల మీద 1993లో చట్టం వచ్చింది. 2006 చట్టం 45 రోజుల గడువు పెట్టి, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అంది. 2023 ఫైనాన్సు చట్టం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బాకీని ఆ ఏటి ఖర్చుగా చూపించుకోనివ్వనంది. చట్టాలు మంచివే. మీలో ఎందరు వడ్డీ అడిగారు? అడిగితే మర్నాటి నుంచి ఆర్డరు రాదు. అందుకే తాకట్టు కొట్లు ఇంకా ఖాళీగా లేవు.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లాడు. ఇక్కడ సగం ఇళ్లల్లో ఇదే కథ. పిల్లలకు కష్టపడే గుణం లేదని పెద్దలు వాపోతుంటారు. వాడికి కష్టం కొత్తేం కాదు, క్యూపలా అడుగు తలుపు తెరిచి మిగిలిన నిప్పు దింపే రాత్రుల్లో వాడే నీళ్లు కొట్టేవాడు. వాడు చూసింది వేరు. ముప్పై ఏళ్లు నడిచిన సంస్థలో అమ్మకు పీఎఫ్ లేదు, పెన్షను లేదు, తన పేరు మీద ఒక్క కాగితం లేదు. అలాంటి ఉద్యోగం ఎవరైనా ఇస్తానంటే మీరు చేరతారా? వాడూ చేరలేదు. 2012లో వారానికి మూడు రోజుల పవర్ హాలిడేలు వచ్చినప్పుడు, అప్పటికే ఇండక్షనుకు మారిన మా ఫౌండ్రీ నిలదొక్కుకోలేకపోయింది. ఆ మరుసటి ఏడు మూసేశాం. కరెంటు వల్ల మూతపడిందని అందరికీ చెప్తాం. అది చివరి కారణం మాత్రమే. లోపలికి వచ్చే మనిషి లేకపోవడం అసలు కారణం.

నేనున్నాను కదా అని మీరు అడగవచ్చు. నన్నెవరూ అడగలేదు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా జన్మహక్కు ఇస్తూ 1986లోనే మన రాష్ట్రం చట్టం చేసింది, దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు. ఆస్తి పంపకాల దగ్గర ఆ చట్టం పనికొచ్చింది, కాదనను. కానీ నడుస్తున్న షెడ్డు ఎవరి చేతికి అన్నది ఏ చట్టమూ తేల్చదు, ఇంట్లోవాళ్లు భోజనాల దగ్గర తేలుస్తారు. చిట్టా రాసిన పిల్లను పెళ్లి చేసి పంపాలి, చిట్టా ముట్టని పిల్లాడు యజమాని కావాలి. మా నాన్న చెడ్డవారు కారు. ఆయనకు వేరే ఆలోచనే తట్టలేదు.

మరి ఇప్పుడేం చేయాలి? కూలి కలిపి రేటు చెప్తే ఆర్డర్లు పోతాయన్న మా నాన్న వాదన ఇవాళా మీ వాదనే అని నాకు తెలుసు. కలిపి చెప్పమని నేను అనడం లేదు. ముందు కలిపి రాయండి. రాశాక, తగ్గించి చెప్పాలనిపిస్తే తగ్గించండి. నష్టానికి అమ్ముతున్నామని తెలిసి అమ్మడం వేరు, లాభమనుకుని అమ్మడం వేరు. రెండోది మనం చేసినంత కాలం కొనేవాళ్లకు మన అసలు ఖర్చు తెలియనే తెలియలేదు, మనకే తెలియలేదు కాబట్టి. సంఘంలో అందరూ ఆ పద్దు రాయడం మొదలుపెడితే పక్క సందు భయం సగం తగ్గుతుంది. పెద్దాయన పెన్సిలుతో కలిపిన అంకెకు అర్థం అదే అనుకుంటాను, ఆయన్ను నేను అడగలేదు.

నా రెండో కోరిక, ఇంట్లో పని చేసే మనిషిని భాగస్వామ్య పత్రంలో చేర్చండి. భార్య కావచ్చు, కూతురు కావచ్చు, విధవరాలైన అక్క కావచ్చు. బ్యాంకు వాడు సంతకం అడిగినప్పుడు మాత్రమే పిలిచే పేరుగా కాకుండా, లాభంలో వాటా ఉన్న పేరుగా రాయించండి. ఆ వాటా ఆమె సొంత ఖాతాలో పడేట్టు చూడండి. ఇసుక జల్లెడ పట్టడానికి మౌల్డరు భార్య వస్తే, ఆమె పేరు మస్టర్లో ఎక్కించి కూలి ఆమె చేతికే ఇవ్వండి. మస్టరు పెరిగితే పెరగనివ్వండి.

నేను ఈ సంఘంలో సభ్యురాలిని కాను, ఫౌండ్రీ మూసేశాక మా సభ్యత్వం రద్దయింది. కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు కోరికలనూ తీర్మానంగా మీలో ఎవరో ఒకరు ప్రవేశపెట్టాలి, ఇంకొకరు బలపరచాలి. ఇంటి కూలి పద్దుతో సహా రేటు కట్టే నమూనా ఫారం తెలుగులో రాసి తెచ్చాను. కార్యదర్శి గారి బల్ల మీద ఉంది, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి.